బ్రోషర్లో 22, బండిలో 15: మిగతా ఏడూ ఎటు పోయాయి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: కంపెనీ చెప్పిన మైలేజ్ రావడం లేదు. నాకిది కొత్త కాదు. విజయవాడ ఆటోనగర్‌లో 34 ఏళ్లు షెడ్డు నడిపాను. బానెట్ ఎత్తకముందే చాలామంది నోట వచ్చే మొదటి మాట అదే. సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పిన జీతానికీ పెళ్లయ్యాక ఇంటికి తెచ్చే జీతానికీ ఉండే తేడా లాంటిదిది అని నవ్వించి పంపేసేవాణ్ణి. ఇప్పుడు షెడ్డు మావాడు చూసుకుంటున్నాడు, నాకు తీరిక ఉంది. అందుకని ఈసారి నవ్వించడం మాని లెక్కలు చెప్తాను.

ప్రశ్న: మాది 2021లో కొన్న 1.2 లీటర్ పెట్రోల్ కారు, మామూలు గేర్ల బండి. బ్రోషర్లో లీటరుకి 22 కిలోమీటర్లని ఉంది. వనస్థలిపురం నుంచి కోఠిలో మా ఆఫీసుకి 13 కిలోమీటర్లు, ఉదయం పూట 50 నిమిషాలు పడుతుంది. ఎప్పుడు చూసినా 15 దాటదు. షోరూమ్‌లో అడిగితే "మీ డ్రైవింగ్ మేడమ్" అన్నారు. మావారు నడిపినా అంతే వస్తోంది. అబద్ధం ఎవరిది?
– ఒక బ్యాంకు ఉద్యోగిని, వనస్థలిపురం

జవాబు: అబద్ధం ఎవరిదీ కాదమ్మా. షోరూమ్ వాళ్లు మాత్రం జవాబు చెప్పకుండా తప్పించుకున్నారు.

ఆ బ్రోషర్ ఇంకా ఉంటే తీయండి. 22 పక్కన చిన్న చుక్కగుర్తు ఉంటుంది. దాన్ని పట్టుకుని పేజీ అడుగుకి వెళ్తే, కళ్లజోడు పెట్టుకున్నా కష్టంగా కనిపించే అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లోని 115(జి) నియమం కింద టెస్టింగ్ ఏజెన్సీ ధ్రువీకరించిన అంకె ఇది అని దాని సారాంశం. కథంతా ఆ ఏజెన్సీ గదిలో ఉంది.

ఈ పరీక్షలు చేసేవాటిలో మనకి బాగా తెలిసిన పేరు పుణేలోని ఏఆర్ఏఐ, 1966లో పెట్టిన సంస్థ. అందుకే అందరం "ఏఆర్ఏఐ మైలేజ్" అంటాం. అక్కడ మీ మోడల్ బండి రోడ్డెక్కదు. ఒక గదిలో నేలలో అమర్చిన రోలర్ల మీద చక్రాలు తిరుగుతాయి, బండి ఉన్నచోటే ఉంటుంది. ముందు ఒక పెద్ద ఫ్యాను. డ్రైవరు ఎదురుగా తెర, ఆ తెర మీద ఒక గీత. ఏ క్షణానికి ఎంత వేగంలో ఉండాలో ఆ గీత చెప్తుంది, అతను పిల్లలు చుక్కలు కలిపినట్టు దాని వెంట పోతాడు. గాలి ఎదురుతోపు ఉండదు కదా అంటారేమో, దాన్ని రోలర్లే చూసుకుంటాయి. ముందుగా బండిని ట్రాక్ మీద వేగంగా తీసుకెళ్లి న్యూట్రల్‌లో వదిలేసి, ఎంతసేపటికి ఎంత నెమ్మదిస్తుందో కొలిచి, ఆ లెక్క ప్రకారం రోలర్లకి బిగింపు పెడతారు.

పరీక్ష మొత్తం 1180 సెకన్లు, అంటే 20 నిమిషాలు కూడా లేదు. దూరం పదిన్నర కిలోమీటర్లకి కాస్త ఎక్కువ. మొదట ఊళ్లో తిరిగినట్టుండే ముక్క నాలుగుసార్లు, ఆ తర్వాత ఊరి బయట తిరిగినట్టుండే ముక్క ఒకసారి. అత్యధిక వేగం 90. అది కూడా కాసేపే. సగటు వేగం గంటకి 32 కిలోమీటర్ల చిల్లర. ఊరి ముక్కలో ఆగిన బండి 50 వేగం అందుకోవడానికి ఎంత టైమిస్తారో తెలుసా? 26 సెకన్లు. సిగ్నల్ పడగానే ఎల్బీనగర్‌లో అంత నెమ్మదిగా కదిలి చూడండి, వెనక ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడు.

ఏసీ వేయరు. గది వేడి 20 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉంచుతారు. బండిలో డ్రైవరు కాకుండా ఇంకొకరి బరువు ఉన్నట్టు లెక్క, అంతే. ఎంత పెట్రోలు కాలిందో కూడా బంకులో నింపి చూడరు. సైలెన్సర్‌లోంచి వచ్చిన వాయువుని సంచుల్లోకి పట్టి, అందులోని కార్బన్‌ని కొలిచి, వెనక్కి లెక్క కడతారు. పొగలో ఉన్న కార్బనంతా పెట్రోల్లోంచి వచ్చిందే కదా. చాలా కచ్చితమైన పద్ధతి. కొలత తప్పు కాదన్నమాట. వాళ్లు కొలిచిన ప్రయాణం వేరు, మీరు రోజూ చేసే ప్రయాణం వేరు.

ఇప్పుడు మీ 13 కిలోమీటర్లని కాగితం మీద పెడదాం. కొన్నిచోట్ల నేను అనుభవంతో వేసిన అంకెలున్నాయి, కొంచెం అటూ ఇటూ కావచ్చు.

బ్రోషర్ ప్రకారం 13 కిలోమీటర్లకి కావలసింది 590 మిల్లీలీటర్లు. మీ 50 నిమిషాల్లో సిగ్నళ్ల దగ్గర, జామ్‌లో కదలకుండా ఉన్నది ఎంత లేదన్నా 15 నిమిషాలు ఉంటుంది. పరీక్షలోనూ ఆగడం ఉంది, అయితే అది నాలుగైదు నిమిషాలే. అంటే మీరు అదనంగా పది నిమిషాలు ఆగుతున్నారు. చిన్న ఇంజన్ ఏసీతో ఊరికే నిలబడితే గంటకి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. పది నిమిషాలకి 150 మిల్లీలీటర్లు వేసుకోండి. 740 అయింది. మైలేజ్ అప్పుడే పదిహేడున్నరకి దిగింది, మీరింకా తప్పేమీ చేయలేదు!

కదులుతున్నప్పుడు ఏసీ కంప్రెసర్ లాగేది ఇంకో 60. మొత్తం 800. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో ఉంచిన బండి అయితే ఈ 60 చాలదు, చిన్న ప్రయాణాల్లో ఏసీ ఒక్కటే పావు వంతు దాకా మింగేస్తుంది. ఇక పెట్రోలు. మీ బండి తయారైనప్పుడు దాని లెక్కలు 10 శాతం ఇథనాల్ దాకా. ఇప్పుడు బంకులో పోస్తున్నది 20 శాతం కలిపినది. లీటరు పెట్రోల్లో ఉండే శక్తితో పోలిస్తే లీటరు ఇథనాల్‌లో మూడో వంతు తక్కువ. 10 నుంచి 20కి వెళ్తే లీటరు మీద మూడు శాతం చిల్లర శక్తి తగ్గుతుంది. ఇంకో 25 మిల్లీలీటర్లు. 825.

పొద్దున చల్లగా ఉన్న ఇంజన్ మొదటి రెండు కిలోమీటర్లూ పెట్రోలు ఎక్కువ కలుపుకుని తాగుతుంది. టైర్లలో గాలి ఎంతుందో మీరు రాయలేదు. నేను చూసిన బండ్లలో నూటికి డెబ్భైకి తక్కువే ఉండేది. స్పీడ్ బ్రేకర్లు, బ్రేకు, మళ్లీ ఫస్ట్ గేరు. వీటన్నిటికీ కలిపి 40 వేస్తే 865 మిల్లీలీటర్లు. 13 కిలోమీటర్లని 865తో భాగించండి.

పదిహేను. మీ డ్రైవింగ్‌ని నేనెక్కడా లెక్కలోకే తీసుకోలేదు చూశారా?

"మరి ఆ 22 దేనికి, తగలెయ్యడానికా?" అని మీరు అడగొచ్చు. దేనికంటే, అన్ని కంపెనీల బండ్లూ అలాంటి గదిలోనే, అదే గీత వెంట పరిగెత్తాయి. ఒకటి 22, ఒకటి 18 అంటే, మీ కోఠి రోడ్డు మీద కూడా మొదటిదే మెరుగ్గా ఇచ్చే అవకాశం ఎక్కువ. బండ్ల మధ్య పోలికకి అది పనికొస్తుంది, మీ నెల బడ్జెట్‌కి పనికిరాదు. పోలికలోనూ ఒక మెలిక ఉంది. ప్రభుత్వం ప్రతి కంపెనీకీ అమ్మిన కార్లన్నిటి సగటు మీద కార్బన్ డయాక్సైడ్ పరిమితి పెట్టింది. 2022-23 నుంచి అది కిలోమీటరుకి 113 గ్రాములు. ఆ గ్రాములూ పరీక్ష గదిలో కొలిచినవే. అందుకని కంపెనీలు బండిని ఆ గీతకి అనువుగా తీర్చిదిద్దుకుంటాయి, అందులో నేరమేమీ లేదు. బండి ఆగగానే ఇంజన్ దానంతటది ఆగిపోయే స్టార్ట్-స్టాప్ ఏర్పాటు అలా వచ్చిందే. గదిలో దానికి మార్కులు పడతాయి. మన ఎండలో ఏసీ చల్లదనం తగ్గుతోందని సగం మంది కారెక్కగానే చేసే మొదటి పని దాన్ని ఆఫ్ చేయడం.

మీరు చేయగలిగింది కొద్దిగా ఉంది. టైర్లలో గాలి ఉదయమే, బండి రెండు మూడు కిలోమీటర్లకి మించి తిరగకముందే కొట్టించండి. ఎంత కొట్టాలో డ్రైవరు తలుపు తీస్తే లోపల పక్క స్టిక్కర్ మీద ఉంటుంది, బంకు కుర్రాడి నోటి లెక్క వద్దు. ఎక్కేముందు రెండు నిమిషాలు అద్దాలు దించి వేడి బయటికి పోనివ్వండి. సిగ్నల్ దగ్గర అంకెల గడియారం 60 పైన చూపిస్తే ఇంజన్ ఆపండి. పదహారు, పదహారున్నర వస్తుంది. 22 మీద ఆశ వదిలేయండి. అది మీ దారిలో లేదు.

ప్రశ్న: పండక్కి హైదరాబాద్ నుంచి విజయవాడ మా అత్తగారింటికి వెళ్తాం. నలుగురం, అదే బండి, అదే రోడ్డు. వెళ్లేటప్పుడు లీటరుకి 19 ఇస్తుంది, వచ్చేటప్పుడు 17. మూడేళ్లుగా ఇంతే. "తిరుగు ప్రయాణంలో పచ్చడి జాడీలు పెరుగుతాయి కదా" అంటారు మా మావయ్యగారు. నిజమా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జవాబు: మీ అత్తగారి జాడీల మీద నేరం మోపకండి. పాతిక కిలోల పచ్చళ్లు, బియ్యం వేసుకున్నా హైవే మీద మైలేజ్‌లో ఒక శాతం కూడా తేడా రాదు. తేడా రోడ్డులో ఉంది.

హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. విజయవాడ కృష్ణ ఒడ్డున 20 మీటర్ల దగ్గర. మధ్యలో కొండ కనిపించదు కాబట్టి మనకి తెలియదు గాని, మీరు తిరిగొచ్చేటప్పుడు నలుగురు మనుషులతో సహా పదమూడు వందల కిలోల బండిని 500 మీటర్లకి పైగా పైకి ఎత్తుతున్నారు. తొమ్మిది పది చార్మినార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు. పెట్రోలు శక్తిలో చక్రాల దాకా చేరేది పావు వంతే కాబట్టి, ఆ ఎత్తుడు పనికి ముప్పావు లీటరు పైచిలుకు ఖర్చవుతుంది. దిగేటప్పుడు దాదాపు అంతా మిగులుతుంది, ఎందుకంటే ఏటవాలు చాలా మెత్తన, బ్రేకుల్లో వృథా కాదు. 270 కిలోమీటర్లకి సమంగా ఉంటే 15 లీటర్లనుకోండి. దిగేటప్పుడు 14.2, ఎక్కేటప్పుడు 15.8. భాగించి చూస్తే 19, 17. మీ లెక్క ముచ్చటగా ఉంది, మీరు పెట్రోలు లెక్కల బుక్కు సరిగ్గా రాస్తున్నారని నాకర్థమైంది.

ఈ రోడ్డు మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. మా బావమరిది పంతంగి టోల్ దాటాడంటే 110కి తగ్గడు. అతని బండి ఎప్పుడూ 16 చిల్లరే ఇస్తుందని నా మీద నిష్ఠూరం, సర్వీసింగ్ నేను చేశాను కాబట్టి. ఒకసారి పందెం వేసి అదే బండి, అదే మనుషులు, స్టీరింగ్ నేను పట్టుకున్నాను. ముల్లు 80, 85 మధ్య. కొర్లపహాడ్ దగ్గర బస్సులు నన్ను దాటిపోతుంటే పక్క సీట్లో అతని మొహం చూడాలి. చిల్లకల్లు దాటేసరికి నిద్రపోయాడు. ట్యాంకు నింపి లెక్క కడితే 21కి పైనే. 45 నిమిషాలు ఆలస్యంగా చేరాం. గాలి ఎదురుతోపు వేగం వర్గంతో పెరుగుతుంది: 80 నుంచి 110కి వెళ్తే వేగం పెరిగేది మూడో వంతుకి కాస్త ఎక్కువే, తోపు మాత్రం దాదాపు రెట్టింపు. ఆ పరీక్ష గదిలో బండి 90 దాటదని ఇందాకే చెప్పాను. 110లో వెళ్తూ బ్రోషర్ మైలేజ్ అడగడం న్యాయం కాదు. పందెం డబ్బులు బావమరిది ఇంకా ఇవ్వలేదు.

ప్రశ్న: డాష్‌బోర్డులో 18.6 చూపిస్తోంది. నేను బంకు బిల్లులతో కడితే 17.1 వస్తోంది. ఏది నమ్మాలి? వంద, ఐదొందలు కాకుండా 110, 510 కొట్టిస్తే ఎక్కువ పోస్తారంటారు, అదీ చెప్పండి.
– ఒక మెడికల్ షాపు యజమాని, కాకినాడ

జవాబు: బిల్లునే నమ్మండి. డాష్‌బోర్డు అంకె ఇంజన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి కంప్యూటర్ వేసుకునే అంచనా. అది సాధారణంగా ఒక కిలోమీటరో ఒకటిన్నరో ఎక్కువే చెప్తుంది. పనికిరానిదని కాదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకోవడానికి బాగుంటుంది.

బిల్లుతో కొలిచేటప్పుడు ఒకటే బంకు, వీలైతే ఒకటే పంపు. ఫుల్ ట్యాంక్ చేయించి, ట్యాంకు నిండి పంపు దానంతటది ఆగే ఆటో కట్ మొదటిసారి పడగానే ఆపేయమనండి. రౌండ్ ఫిగర్ కోసం ఇంకొంచెం, ఇంకొంచెం అని కుక్కనివ్వొద్దు, లెక్క చెడుతుంది. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ ఫుల్ ట్యాంక్ చేసినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లని భాగించండి. ఒక్క ట్యాంకుతో తీర్పు ఇవ్వకండి, వరసగా మూడు ట్యాంకుల సగటు తీయండి. టైర్లు కంపెనీ సైజు కంటే పెద్దవి వేయించారా? అయితే కిలోమీటర్ల మీటరే తక్కువ తిరుగుతుంది, మైలేజ్ పడిపోయినట్టు కనిపిస్తుంది. హైవే రాళ్లతో ఒక పది కిలోమీటర్లు సరిచూసుకుంటే తెలిసిపోతుంది.

ఇలా బుక్కులో రాసుకునే అలవాటు నాకు ఒక టాక్సీ డ్రైవరు నేర్పాడు. డీజిల్ అంబాసిడర్. సీటు కింద నూనె మరకలతో ఒక నలభై పేజీల పుస్తకం ఉండేది, ప్రతి ఫుల్ ట్యాంకూ అందులో రాసేవాడు. ఒకరోజు వచ్చి, "అన్నా, పన్నెండున్నర ఇచ్చే బండి రెండు వారాలుగా పదకొండు కూడా ఇవ్వట్లేదు" అని పేజీ చూపించాడు. షెడ్డులో అందరూ డీజిల్ చిమ్మే నాజిల్స్ పాడయ్యాయన్నారు. నాజిల్స్ విప్పితే మాకూ నాలుగు డబ్బులు. విప్పకుండా బండిని బందరు రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు తిప్పి తెచ్చి, నాలుగు చక్రాల బ్రేకు డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక ఎడమదాని మీద చెయ్యి ఆనలేదు. బ్రేకు పట్టేసి అలాగే ఉండిపోయింది, బండి దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతోంది. ఆ బ్రేకుని నొక్కే వీల్ సిలిండర్ మార్చాం. మూడో రోజుకి మళ్లీ పన్నెండున్నర. పుస్తకం లేకపోతే అతనికి అనుమానమే వచ్చేది కాదు, బ్రేకు లైనర్లు కాలిపోయాక వచ్చేవాడు.

110, 510 సంగతి: మిషన్‌కి మీరు చెప్పే రూపాయలు గుండ్రంగా ఉన్నాయో లేదో పట్టదు. మొదలుపెట్టేముందు సున్నా పడిందా చూడండి. అనుమానముంటే ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమనండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఆ పాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి, అడిగే హక్కు మీకుంది. అడగడానికి మొహమాటపడి 510 కొట్టించే జనం మనం.

ప్రశ్న: మేం ఫ్రిస్కోలో ఉంటాం. ఇక్కడ నా కారు స్టిక్కర్ మీద గ్యాలన్‌కి 35 మైళ్లని ఉంది, 34 వస్తోంది. ఒంగోల్లో మా నాన్నగారి కారుకి చెప్పినదాంట్లో మూడో వంతు ఎగిరిపోతోంది. మన రోడ్ల వల్లేనా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: రోడ్లని తిట్టడం మనకి తేలిక, కానీ ఇక్కడ పెద్ద తేడా పరీక్షలో ఉంది. ముందు ఒక మాట: మీ 35ని మన లెక్కలోకి మారిస్తే లీటరుకి 15 కిలోమీటర్లే. మీ స్టిక్కర్ తక్కువ చెప్పి నిలబెట్టుకుంది, నాన్నగారి బ్రోషర్ ఎక్కువ చెప్పి నిలబెట్టుకోలేదు.

మీ దగ్గర కూడా ఒకప్పుడు ఇదే గొడవ. 1985 మోడళ్ల నుంచి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్లు ల్యాబులో వచ్చిన అంకెని ఊళ్లోదైతే 10 శాతం, హైవేదైతే 22 శాతం కోసేసి స్టిక్కర్ మీద వేశారు. అదీ చాలక 2008 మోడళ్ల నుంచి పద్ధతే మార్చారు. పాత రెండు పరీక్షలకి ఇంకో మూడు కలిపారు: ఒకటి గంటకి 80 మైళ్ల దాకా గట్టిగా తొక్కేది, ఒకటి 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసి చేసేది, ఒకటి సున్నాకి ఏడు డిగ్రీలు దిగువన చలిలో చేసేది. వేగం, వేడి, చలి మూడూ ముందే కలిసిపోయాయి కాబట్టి మీకు 34 వస్తోంది. అంత చేసినా కంపెనీలు తప్పు లెక్క ఇచ్చిన సందర్భాలున్నాయి. 2012లో హ్యుందయ్, కియా అమెరికాలో అమ్మిన దాదాపు తొమ్మిది లక్షల బండ్ల స్టిక్కర్లని తగ్గించుకుని, కొన్నవాళ్లకి అదనపు పెట్రోలు ఖర్చు కట్టాల్సి వచ్చింది. నేను ఇందాక చెప్పిన పని, బండిని న్యూట్రల్‌లో వదిలి కొలిచే పని, తేడా వచ్చింది అందులోనే.

మన పరీక్ష యూరప్ వాళ్ల పాతదానికి తమ్ముడు. అక్కడ 120 దాకా పోయేదాన్ని మన రోడ్లకని 90కి కుదించి తెచ్చుకున్నాం. ఆ అన్నని యూరప్ వాళ్లు 2017లో ఇంటికి పంపడం మొదలుపెట్టి, 23 కిలోమీటర్ల పొడవు, 131 వేగం ఉన్న కొత్త పరీక్ష పెట్టుకున్నారు. దాంతో అదే బండికి కాగితం మీద మైలేజ్ తగ్గింది. ఇంజన్ మాత్రం పాతదే! నాన్నగారితో మూడో వంతు కాదు, పావు వంతు తగ్గితే మామూలే అనండి. అంతకు మించితే టైర్లలో గాలి, బ్రేకులు చూపించమనండి.

ప్రశ్న: తిరుమల ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే పెట్రోలు మిగులుతుందని మా డ్రైవర్ అంటాడు.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఆ అలవాటు ఇవాళే మాన్పించండి. కార్బురేటర్ రోజుల్లో ఏమోగాని, ఇంజక్షన్ బండిలో అది తప్పు లెక్క. గేరులో ఉంచి ఆక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే కంప్యూటర్ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది, దిగే బండే ఇంజన్‌ని తిప్పుతుంది. అందుకే అప్పటికప్పటి మైలేజ్ చూపించే మీటర్ల మీద దిగుడులో 99 లాంటి అంకెలు కనిపిస్తాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ ఆరిపోకుండా ఉండటానికి మళ్లీ పెట్రోలు పోయాలి. డబ్బు పోతే పోనివ్వండి, మలుపు మలుపుకీ బరువంతా బ్రేకుల మీదే పడి, అవి కాగి, కొండ కిందికి వచ్చేసరికి తొక్కితే పట్టవు. సెకండో థర్డో గేరులో దిగమనండి.

ప్రశ్న: బ్రోషర్ మైలేజ్ రాలేదని కేసు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వేయొచ్చు, వేసి గెలిచినవాళ్లూ ఉన్నారు. కేరళలో త్రిస్సూర్ వినియోగదారుల కమిషన్ 2022లో ఒక డీజిల్ కారు కేసులో కంపెనీ, డీలర్ కలిసి దాదాపు మూడు లక్షలు కట్టాలంది. అక్కడ 32 అని ప్రచారం చేస్తే, నిపుణుడితో రోడ్డు మీద కొలిపించినప్పుడు 20 కూడా రాలేదు. మీకు 22కి 16 వస్తోందని మాత్రం వెళ్లకండి. ఆ చుక్కగుర్తు కింది వాక్యం చూపించి వాళ్ల లాయరు నవ్వుతాడు. వెళ్తే సొంత మాట కాదు, కొలిచిన కాగితం పట్టుకెళ్లండి.

ప్రశ్న: మా తమ్ముడి సీఎన్‌జీ కారు 30 ఇస్తోంది, నా పెట్రోల్ కారు 20. రెండూ ఒకే మోడల్. నాదాంట్లో ఏదో లోపముందా? నా కారు పైన క్యారియర్ కూడా ఉంది, దాని వల్లా?
– ఒక కాంట్రాక్టర్, ఏలూరు

జవాబు: తమ్ముడిది కిలోకి 30, మీది లీటరుకి 20. కిలో సీఎన్‌జీలో శక్తి లీటరు పెట్రోల్లో కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. రెండు ఇంజన్లూ సమానంగానే పనిచేస్తున్నాయి, మీ బండికేం కాలేదు. పోల్చాలంటే కిలోమీటరుకి ఎన్ని రూపాయలో పోల్చుకోండి, అప్పుడు తమ్ముడు గెలుస్తాడు.

క్యారియర్ మాత్రం తీసేయండి. ఏడాదికి రెండుసార్లు సామాను కట్టడానికి మూడొందల అరవై రోజులు గాలికి అడ్డం పెట్టుకు తిరుగుతున్నారు. నట్లు తుప్పు పట్టి ఉంటే స్పానర్‌తో బలవంతం చేయకండి, రూఫ్ పట్టీ వంగుతుంది. తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేసి, పొద్దున విప్పండి.